రెండో కారు

కొత్తవాడు పాత కారులో ఒక చుట్టు తిరిగి రాగానే బాబాయి చేతిలోని స్టాప్‌వాచ్ చూసి ఈల వేశాడు.

పెద్దోడికి అక్కడే ఒళ్లు మండింది.

ఇన్నేళ్లుగా ఈ షెడ్డు తరఫున రేసు కారు నడుపుతున్నది తను. సొంత బాబాయి నోట తన కోసం ఈల కాదు కదా, "పర్లేదు" అన్న మాట కూడా ఏనాడూ రాలేదు.

"ఎవరు బాబాయ్ ఇతను?"

"ఈ సీజన్‌కి రెండో కారు కూడా దింపుదామనిరా. దానికి డ్రైవరు."

రెండో కారంటే నిన్నటిదాకా టార్పాలిన్ కింద మూలుగుతున్న బండి. వాళ్లది ఎప్పుడూ చివరి వరసే. మిగతా టీములవాళ్లు "డొక్కు షెడ్డు" అని పిలుచుకుంటారు. డొక్కు షెడ్డుకి ఇద్దరు డ్రైవర్లు!

కొత్తవాడు హెల్మెట్ తీసి నవ్వుతూ వచ్చాడు.

"బావగారూ, మలుపుల్లో మీరు భలే తిప్పుతారండీ."

"నీకెప్పుడు బావనయ్యానయ్యా నేను?"

"ఇందాక మీకు క్యారియర్ తెచ్చినావిడని అక్కా అనేశానండీ. ఇక మీరు బావగారే కదా!"

మెకానిక్కులు పకపకా నవ్వారు. పెద్దోడు నవ్వలేదు.

వారం తిరక్కుండానే షెడ్డు షెడ్డంతా కొత్తవాడి చుట్టూ చేరింది. టీ గ్లాసు ముందు వాడికే అందుతోంది. బాబాయి చెయ్యి వాడి భుజం మీదే ఉంటోంది.

ఇంటికొస్తే అక్కడా అదే గోల.

కూతురు గోడ మీద రంగు పెన్సిళ్లతో కారు బొమ్మ వేసింది.

"నాదేనా తల్లీ?"

"కాదు నాన్నా, మావయ్యది. నీ కారుకి గీతలెక్కువ, వెయ్యడం కష్టం."

వంటింట్లోంచి భార్య అడిగింది. "పాప పుట్టినరోజుకి ఆ అబ్బాయిని పిలిచావా?"

"మర్చిపోయా."

మర్చిపోలేదు.

ఆ అక్కసంతా యాక్సిలరేటర్ మీద తీర్చుకున్నాడు పెద్దోడు. గెలవడం సంగతి తర్వాత, ముందు వీడి కంటే వెనకబడకూడదు. అద్దంలో ఆ పాత కారు కనిపిస్తే చాలు, పాదం దానంతటదే కిందికి నొక్కేది.

మొదటి రేసులో మధ్య వరసకి వచ్చాడు. తర్వాతి దాంట్లో మూడోవాడు. ఆ తర్వాత గెలిచేశాడు! డొక్కు షెడ్డు అన్న నోళ్లు మూతపడ్డాయి. ఛాంపియన్‌షిప్ పట్టికలో వాళ్ల పేరు పైకి పాకింది.

అయినా మనసు కుదుటపడలేదు. కప్పు పట్టుకుని పైన నిలబడి కూడా, కింద మనవాళ్లు ఎవరి పక్కన నిలబడ్డారా అని వెతుక్కునేవాడు.

సీజన్ చివర్లో బాబాయి ఎలాగో ఒక కొత్త ఇంజన్ సంపాదించాడు. పెద్దోడు నోరు తెరిచేలోగానే కొత్తవాడు అన్నాడు.

"బావగారి కారుకే పెట్టండి."

ఆ సాయంత్రం పెద్దోడు భార్యతో అన్నాడు. "ఏం నటిస్తున్నాడే! వాడి మంచితనం ఊరందరికీ కనబడాలి."

"కనబడుతూనే ఉంది, నీకు తప్ప," అంది ఆవిడ అన్నం వడ్డిస్తూ.

ఆఖరి రేసు రోజు వాన. పెద్దోడో, పెద్ద కంపెనీ టీములో అందరూ 'ఏస్' అని పిలిచే మేటి డ్రైవరో, ఎవరు ముందొస్తే వాళ్లదే ఛాంపియన్‌షిప్.

సగం దాటాక తడి మలుపులో పెద్దోడి కారు జారి గిర్రున తిరిగింది. సర్దుకునేలోగా ఏస్ దూసుకుపోయాడు.

హెల్మెట్ రేడియోలో బాబాయి గొంతు. "కంగారు పడకు. ఏస్ ముందు మనవాడున్నాడు."

మనవాడు! అంత హడావిడిలోనూ ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

కానీ నిజంగానే ఉన్నాడు. ఏస్ ఎటు తిరిగితే అటు, ముందు ఆ పాత కారే. తలుపుకి అడ్డంగా కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఏస్ విసిగిపోయి బయటివైపు నుంచి దూరబోయాడు. లోపలివైపు దొరికిన సందులోంచి పెద్దోడు దూసుకుపోయాడు.

అద్దంలో చూస్తే పాత కారు పొగలు కక్కుతూ గడ్డి మీదికి ఒరిగి ఆగిపోయింది.

ఛాంపియన్ పెద్దోడే.

మైకు చేతికిచ్చారు. బాబాయికి, భార్యకి, టైర్లు మార్చినవాళ్లకి, ఆఖరికి లారీ డ్రైవరుకి కూడా పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు. వానలో తడుస్తూ, చేతులు పైకెత్తి చప్పట్లు కొడుతున్న కొత్తవాడు కనిపించాడు. చూపు పక్కకి తిప్పేసుకున్నాడు.

మర్నాడు షెడ్డుకి వెళ్లేసరికి బాబాయి ఒక్కడే టైరు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏడి మన హీరో?"

"వెళ్లిపోయాడు. సీజన్ అయ్యేదాకే ఉంటానన్నాడు."

"నాతో మాట మాత్రం చెప్పకుండానా?"

"చెప్పడానికే వచ్చాడుగా నిన్న. చెయ్యి చాపితే నువ్వు ఫొటోలవాళ్ల వైపు తిరిగావు."

పెద్దోడు కాస్త ఇబ్బందిగా కదిలాడు. "పోనీలే. ఆ పాత బండి ఎలాగూ పోయింది. ఇక్కడింకేం పని వాడికి?"

"ఆ పాత బండి కావాలని అడిగింది వాడేరా," అన్నాడు బాబాయి. "మొదటి రోజు పొద్దున నువ్వు ట్రాక్ మీద తిరుగుతుంటే గోడ పక్కన నిలబడి చూశాడు. 'ఆయన చెయ్యి ఇంకా పోలేదండీ, వెనక తరిమేవాడుంటే చాలు. నేను పాతది తీసుకుంటా, ఆయనకేం చెప్పకండి' అన్నాడు."

"రెండో కారుకని వచ్చినవాడు పాతది కాక ఇంకేం తీసుకుంటాడు?"

బాబాయి టైరు మీంచి లేచాడు.

"వాణ్ణి నేను పిలిపించింది రెండో కారుకి కాదురా, నీ కారుకి."