మెక్రే దొర కత్తెర

"దొరికిండు బావా. మన దొర దొరికిండు."

భవాని బండ మీద మునివేళ్ళపై నిలబడి ఫోను పైకెత్తి పట్టుకుంది. బూర్గంపాడు దాటాక అడవి అంచున ఉన్న ఆ ఊళ్ళో సిగ్నల్ అందేది అక్కడొక్కచోటే. కందిచేలోంచి వీరబాబు పరుగెత్తుకొచ్చి పక్కన ఎక్కాడు. ఆ బండ మీద ఇద్దరికి చోటు చాలదు. కొత్త దంపతులకు అది అందుకే ఇష్టం.

వెతుకులాటంతా ఒక చిన్న కత్తెరతో మొదలైంది. వీరబాబు ఇంట్లో తరాలుగా దాచిన ఆ కత్తెర మీద 'మెక్రే, ఇన్వర్నెస్' అని ఇంగ్లిషులో చెక్కి ఉంది. స్కాట్లండ్ నుంచి వచ్చిన తమ ముత్తాత తండ్రి మీసాలు కత్తిరించుకున్న కత్తెర అని వీరబాబు గొప్పగా చెప్పాడు. అతని పిల్లికళ్ళు కూడా ఆ దొరవేనట. ఆ కళ్ళు చూసే పెళ్ళికి ఒప్పుకున్న భవాని, దొరకు చాలా రుణపడ్డాననుకుంది.

తీర్చుకునే రోజు దగ్గరికొచ్చింది. కొత్తపంట ఇంటికొచ్చాక చేసే కొత్తల పండగనాడు ఆ ఇంటి ఆడవాళ్ళు మాత్రమే, చనిపోయిన పెద్దలకు గుర్తుగా పాతిన రాళ్ళ దగ్గరికి వెళ్తారు. కొత్తకోడలు ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి కొత్తబియ్యం బువ్వ పెట్టాలి. పక్కన తాతలకైతే చుట్ట, అవ్వలకైతే గాజులు. చివరి రాయికి మాత్రం పేరు లేదు.

"పేరు పోయింది బిడ్డా," అంది వీరబాబు నాయనమ్మ జంపక్క. "పిలవకుంటే ఆళ్ళెట్ల వచ్చి తింటరు? నా కండ్లు మూతపడకముందు ఒక్కసారి పిలిస్తే సాలు."

అప్పటినుంచి భవాని స్కాట్లండ్ చర్చి రిజిస్టర్లు, ఓడ ప్రయాణికుల పట్టికలు ఫోనులో జల్లెడ పట్టింది. కనిపించిన ప్రతి మెక్రే ఎక్కడో ఒకచోట జారిపోయేవాడు. ఇవాళ ఒకడు నిలిచాడు. డంకన్ మెక్రే, ఇన్వర్నెస్, లాంచీ ఇంజనీరు. గోదావరి మీద పనికని ఓడెక్కాడు. తిరిగి వెళ్ళిన జాడ లేదు.

"కింద ఇంకో పేరుంది గదా?" అన్నాడు వీరబాబు.

"ఇసబెల్. చెల్లెలంట, బట్టలు కుడతదంట. అన్నతోటే వచ్చింది. ఆమెతో మనకేం పని బావా."

అవ్వకు పండగదాకా చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. భద్రాచలం వెళ్ళి, కొట్లో ఉన్నవాటిలో లావుపాటి చుట్ట కొన్నది. పొయ్యి దగ్గర, బావి దగ్గర 'డంకన్ తాతా' అని సాధన చేసింది. నన్నెప్పుడన్నా ఇంత ముద్దుగా పిలిచినవా అని వీరబాబు అలిగాడు.

పండగ పొద్దున వరసగా పెద్దలందరినీ పిలిచి, బువ్వ పెట్టి, చివరి రాయి దగ్గరికొచ్చింది. జంపక్క చెవిలో చెప్పింది.

"అవ్వా, పేరు దొరికింది."

ముసలామె కళ్ళు నిండిపోయాయి. రాయిని చేత్తో నిమిరింది.

"పిలువు బిడ్డా. జల్దీ పిలువు."

భవాని కొంగుముడి విప్పి చుట్ట తీసింది. గొంతు సవరించుకుని నోరు తెరిచింది.

అప్పటికే జంపక్క ఆ రాయి ముందు పచ్చగాజులు పెట్టింది.