సీటు సాక్ష్యం

"ఆగవయ్యా! నువ్వు చెప్పకు. సీటు చెబుతుంది."

సీట్ల మాస్టారు చెయ్యి అడ్డం పెట్టేసరికి, బండి అమ్మడానికి వచ్చిన మనిషి మాట మధ్యలోనే తెగిపోయింది.

పాపం, అతను అప్పటికి అన్నది ఒక్కటే ముక్క. "మీ ఇంట్లో..."

మాస్టారిది బండ్ల సీట్లు కుట్టే షాపు. ముప్ఫై ఏళ్లుగా అదే పని. సీటు చూసి డ్రైవరు జాతకం చెప్పేయగలనని ఆయన ధీమా. చుట్టుపక్కల వాళ్లకీ అదే నమ్మకం. పాత బండి కొనాలంటే ముందు ఆయనకు చూపించాల్సిందే.

ఈసారి కొనేది సొంత మేనల్లుడు.

అతనికి మొక్కల నర్సరీ ఉంది. సోమవారం నుంచి ఓ పెద్ద తోటకి పూలకుండీలు తోలాలి. బండి లేకపోతే ఆ పని ఇంకొకరి పాలవుతుంది. దాచుకున్నదంతా ఊడ్చి పెడితే ఒక్క బండి వస్తుంది. అది కాస్తా డొక్కుదైతే ఇక నర్సరీకి తాళమే.

"మామయ్యా, బండి ముద్దొస్తోంది," అన్నాడు మేనల్లుడు.

"ముద్దొస్తే పెట్టుకో. కొనేముందు మాత్రం నన్నడుగు."

తెల్లటి పికప్. ఒంటి మీద గీత లేదు. మాస్టారు డ్రైవరు తలుపు తీసి, కళ్లజోడు సర్దుకుని, సీటుకి తలుపు వైపున్న అంచు మీద వేలు పెట్టారు.

రెక్సిన్ ఎప్పుడో పోయింది. దాని కింద స్పాంజీ పోయింది. లోపలి ఇనుప చువ్వ బయటికొచ్చి పలకరిస్తోంది.

"మీటరెంతరా?"

"అరవై వేల కిలోమీటర్లు."

మాస్టారు పగలబడి నవ్వారు.

"డ్రైవరు దిగినప్పుడల్లా ఈ అంచు మీంచే జారతాడు. అరవై వేలకి ఇక్కడ రెక్సిన్ కాస్త నలుగుతుంది, అంతే. చువ్వ తేలిందంటే తక్కువలో తక్కువ ఐదు లక్షలు. మీటరు వెనక్కి తిప్పేశాడ్రా, అల్లుడూ!"

బండి మనిషి మోకాళ్లు రుద్దుకుంటూ స్టూలు మీంచి లేచాడు.

"తిప్పలేదు మాస్టారూ. నేను తిరిగిందే అంత. కాకపోతే దిగడం ఎక్కువ."

"ఓహో! టీ కొట్టు కనపడ్డప్పుడల్లా దిగేవాడివన్నమాట!"

కుట్టుమిషన్ల దగ్గర పనివాళ్లు గొల్లుమన్నారు. అతనూ వాళ్లతో కలిసి నవ్వేశాడు.

"మామయ్యా, మధ్యలో మాత్రం గుంట పడలేదే? కొత్తదానిలా ఉంది," అన్నాడు మేనల్లుడు, సీటు నొక్కి చూస్తూ.

ఆ మాట దగ్గర మాస్టారు ఒక్క నిమిషం ఆగి ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఆయన ఆగే రకం కాదు.

"అదేరా మోసం! మధ్యలో స్పాంజి మార్చాడు, అంచు మార్చడం మర్చిపోయాడు. దొంగ ఎక్కడో ఓ చోట దొరికిపోతాడు."

దొంగ అనేసరికి అతని నవ్వు ఆగిపోయింది. మనసుకి గట్టిగానే తగిలింది.

"మీరు పెద్దవారు. ఇంకెవరికీ చూపించకుండా ముందు మీ దగ్గరికే తెచ్చాను. అంతేనండీ."

ఒక్కో కాలూ జాగ్రత్తగా మోపి బండెక్కాడు.

"మామయ్యా, మనిషి మంచివాడిలా ఉన్నాడు..."

"మనిషిని చూసి కాదురా, సీటుని చూసి కొనాలి."

పక్క పరుపుల షాపాయన ఇదంతా గుమ్మంలోంచి విన్నాడు. ఆయనకి సీట్ల సంగతి తెలియదు. బండిని ఆపి, బానెట్ తీయించి, ఇంజను చప్పుడు విని, అడిగిన ధరకే అక్కడికక్కడే కొనేశాడు. గంట తిరక్కుండా వెనక పరుపులేసుకుని, మాస్టారి ముందు నుంచే హారన్ కొడుతూ పోయాడు.

"నిండా మునిగాడు," అన్నారు మాస్టారు జాలిగా.

మేనల్లుడు మొహం వేలాడేసుకుని ఇంకో బండి వెతకడానికి వెళ్లాడు. రోజూ క్యారియర్‌తో షాపులోనే భోంచేసే మాస్టారు, ఆ పూట తన ప్రతాపం భార్యకి చెప్పుకోవాలని ఇంటికి బయల్దేరారు.

ఇల్లు మూడో అంతస్తు. లిఫ్టు లేదు. గేటు దగ్గర ఇరవై లీటర్ల నీళ్ల క్యాను.

"ఏమండోయ్, వస్తూ వస్తూ ఆ క్యాను పట్టుకురండి!" పైనుంచి భార్య కేక.

మొదటి అంతస్తులో మాస్టారు క్యాను భుజం మార్చుకున్నారు. రెండో అంతస్తులో దాన్ని తిట్టారు. మూడో అంతస్తు చేరేసరికి తిట్టడానికి కూడా ఊపిరి మిగల్లేదు.

"ఇన్నాళ్లూ... దీన్ని... ఎవరే మోసింది?"

"మీరు పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తారు. మీకేం తెలుస్తుంది!" భార్య నవ్వింది. "గేటు దగ్గర పడేసి పొమ్మని నీళ్ల ప్లాంటు వాళ్ల రూలు. క్యాన్లు తెచ్చే అతను నా నడుంనొప్పి సంగతి విన్నాడు, అంతే, తొమ్మిదేళ్ల పాటు వంటింట్లోకే తెచ్చి పెట్టాడు మహానుభావుడు. మన ఈ నాలుగు వీధులే అతని లోకం. ఇంటింటికీ బండి ఆపడం, దిగడం, ఎక్కడం. మోకాళ్లు అరిగిపోయి నిన్నటితో మానేశాడు."

మాస్టారు క్యాను పక్కనే నేల మీద చతికిలబడ్డారు. చెప్పాలనుకున్న ప్రతాపమంతా ఎటు పోయిందో తెలియలేదు.

"బండిని మాత్రం కన్నబిడ్డలా చూసుకున్నాడండీ. మన మేనల్లుడికైతే అక్కరకొస్తుందని, పొద్దున నేనే అతన్ని మీ షాపుకి పంపించాను," అంటూ భార్య మంచినీళ్ల గ్లాసు అందించి, సంబరంగా అడిగింది. "బేరం కుదిరిందా?"