అప్పటికప్పుడు కవిత

"రేపు మీ వేదిక మీద జరగబోయేది కవిత్వం కాదమ్మా, మోసం."

గ్రంథాలయ సంఘం కార్యదర్శి చదువుతున్న పత్రిక మడిచి తలెత్తింది. ఎదురుగా ఒక పెద్దాయన. మందపాటి కళ్ళద్దాలు, ఇస్త్రీ నలగని చొక్కా, తొందర ఎరగని మాట. కళాశాలలో తర్కశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నానని, ఊరికి కొత్తని చెప్పుకున్నాడు.

"ఎవరైనా ఒక మాట ఇవ్వండి అంటుంది ఆ కవయిత్రి. జనంలోంచి ఒకడు అరుస్తాడు. దాని మీద అప్పటికప్పుడు కవిత చెప్పేస్తుంది. ఆ అరిచేవాడు ఆమె మనిషే. కవిత ఇంట్లో వండి తెచ్చుకున్నదే. వేరే ఊళ్ళలో చూసొచ్చాను కాబట్టి చెబుతున్నా."

కార్యదర్శి పత్రిక పక్కన పడేసింది. ఆ కవయిత్రిని పిలిపించింది తనే. సభల్లో పఠనం, బడుల్లో కవితల శిక్షణ, ఇళ్ళల్లో వేడుకలకు కోరినట్టు రాసి వినిపించడం, అన్నీ చేస్తానన్న ఆమె కరపత్రం చూసి ముచ్చటపడి, కార్యవర్గంతో పోట్లాడి మరీ ఒప్పించింది. సంఘం అధ్యక్షుడు కార్యదర్శికి స్వయానా అక్క మొగుడు. "ఈ సభ నవ్వులపాలైందో, హాలు తాళాలు నా చేతికొస్తాయి మరదలా. ఆ మర్నాడే క్యారమ్ బల్లలు వేయిస్తా," అని అందరి ముందూ అని ఉన్నాడు.

ఇప్పుడీ సంగతి విని ఆయన కుర్చీలో హాయిగా వెనక్కి వాలాడు. "చెప్పానా? అద్దెకు దొరికే కవిత్వం ఇంతే. కుర్చీలూ మైకూతో పాటు వస్తుంది, వాటితో పాటే పోతుంది."

"వెటకారం తర్వాత బావా. ఇప్పుడేం చేద్దాం?"

"రద్దు చేస్తే నవ్వుతారు. చేయకపోతే దొంగకు తాళాలిచ్చినట్టు. నీ ఇష్టం."

కార్యదర్శి పద్ధతిగా ఆలోచించే మనిషి. వచ్చేవాళ్ళలో ఎవరైనా ఆమె మనిషి కావచ్చు. పాత సభ్యులకు పూచీ పడలేదు. ఆ మాటకొస్తే బావకూ పడలేదు. కాదని రూఢిగా చెప్పగలిగింది ఒక్కరి గురించే: ఆమెను మోసగత్తె అన్నవాడు.

"మాట మీరే ఇవ్వండి," అంది పెద్దాయనతో.

ఆయన వెనకడుగు వేశాడు. "నాకెందుకమ్మా? హెచ్చరించడం వేరు, నలుగురిలో ఆడపిల్లను ఓడించడం వేరు."

"బాగుందండీ. నిప్పంటించి పక్కింట్లో పడుకుంటానంటే ఎలా?" అన్నాడు అధ్యక్షుడు.

పెద్దాయన చాలాసేపు బతిమాలించుకుని, అయిష్టంగానే తలూపాడు.

మర్నాడు సాయంత్రం అందరికన్నా ముందే వచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు. హాలు నిండాక కార్యదర్శి కవయిత్రి ఫోను తీసి తన సంచిలో వేసుకుంది. చెవుల్లో ఏ పరికరమూ లేదని చూసుకుంది. ఆ తర్వాత మైకు ముందు నిలబడి, మాట ఇచ్చేది ఈ పెద్దాయన ఒక్కరేనని కొత్త నియమం ప్రకటించింది.

కవయిత్రి ముఖం పాలిపోయింది. "ఎక్కడా ఇలా లేదండీ. మాట ఎవరైనా ఇవ్వొచ్చు కదా."

"ఇక్కడ ఇంతేనమ్మా."

పెద్దాయన లేచాడు. "అమ్మాయ్, నువ్వు చేసేది మోసమని నా నమ్మకం. అది తప్పైతే నాకూ సంతోషమే. ఇంట్లో వండుకు రాలేని మాట ఇస్తాను." పైకప్పు వంక చూశాడు, కిటికీ వంక చూశాడు. ఏదీ నచ్చినట్టు లేదు. ఆలోచిస్తూ కుర్చీ అంచు పట్టుకున్నవాడల్లా చప్పున చెయ్యి లాక్కుని, ముఖం చిట్లించి, వంగి చూశాడు. "ఇదిగో దొరికింది. ఈ కుర్చీ అడుగున ఎవరో నమిలి అంటించిన బబుల్‌గమ్. చెప్పు దీని మీద."

హాలంతా గొల్లుమంది. కవయిత్రి కళ్ళు మూసుకుంది. నవ్వులు సద్దుమణిగినా తెరవలేదు.

"తాళాలు తెచ్చావా మరదలా?" గొణిగాడు అధ్యక్షుడు.

అప్పుడు ఆమె గొంతు విప్పింది.

"తీపి ఉన్నంతసేపూ నోట్లో ఉంచుకున్నారు,
తీరగానే చీకట్లో అంటించి పోయారు.
నాకింకా వదలడం రాలేదు.
మీరు లేచి వెళ్ళిన కుర్చీని
పట్టుకునే ఉన్నాను."

వెనక వరసలో ఎవరో ముక్కు ఎగబీల్చారు. అధ్యక్షుడు మరదలి వంక చూడకుండా కళ్ళు తుడుచుకున్నాడు.

పెద్దాయన చేతులు జోడించాడు. "నా అనుమానం తప్పమ్మా. నలుగురిలో అన్నాను కాబట్టి నలుగురిలోనే ఒప్పుకుంటున్నా." చప్పట్లు మోగిపోయాయి. గెలిచిన తర్కానికి అటువంటి చప్పట్లు ఏనాడూ దక్కవు.

ఆ తర్వాత కవయిత్రి చుట్టూ జనం మూగారు. బడి ప్రధానోపాధ్యాయురాలు పిల్లల శిక్షణకు రమ్మంది. ఒక వైద్యుడు కొత్త ఆసుపత్రి ప్రారంభానికి కవిత కావాలన్నాడు. అధ్యక్షుడు కూడా మెల్లగా దూరాడు. "మా పెళ్ళిరోజుకి ఒకటి రాయాలమ్మా. మరదలా, మీ అక్కకి చెప్పావంటే ఊరుకోను."

"చెప్పను బావా. క్యారమ్ బల్లలు మీ ఇంట్లో వేయించుకో," అని కార్యదర్శి తాళాల గుత్తి కొంగున ముడివేసుకుంది.

తలవంచుకుని వెళ్ళిపోతున్న పెద్దాయనను గుమ్మం దగ్గర ఆపి, "మనసు కష్టపెట్టుకోకండి. మీరు లేకపోతే ఈ నిజం తేలేదే కాదు," అంది.

"అంతే కదమ్మా," అన్నాడాయన.

రెండు వీధులు దాటాక కవయిత్రి కారు ఒక మలుపులో ఆగింది. అక్కడ ఎదురుచూస్తున్న మనిషి తలుపు తీసి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆమె నీళ్ళ సీసా అందించింది.

"రేపటి ఊళ్ళో నన్ను కాస్త మెల్లగా తిట్టు నాన్నా, నీ గొంతు పాడవుతుంది."