ఈ ఏటి వేలిముద్ర

నా బిడ్డను వాడి తాత అనుకొని ఎవరో తీసుకుపోతారని నాకు అన్నిటికన్నా భయం.

మామ పోయిన నెలకే వీడు పుడితే ఆయన పేరే పెట్టాం, కంబన్న అని. వంశంలో పెద్దల పేర్లు రాసుకుందామని ఈ సాయంత్రం మామ మిలిటరీ పింఛను కాగితాలు విప్పాను. బతికే ఉన్నానని ఆయన ఏటా వేసిన వేలిముద్రల కింద, ఈ ఏటిది చింతగింజంతే ఉంది.

"ఇది నా కొడుకుది కదత్తా?"

"పేరొకటే కదా మే, అబద్ధమేముండాది? నీ మొగుడే వాని ఏలు పట్టుకోని ఏయించినాడు."

దీపం ఆర్పాక వాకిట్లో బూట్ల చప్పుడు ఆగింది. "కంబన్నా, పోదాం పా" అన్నారెవరో.

"వస్తాండా" అంది ఉయ్యాలలోంచి ముసలి గొంతు.

మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను దీపం మళ్లీ వెలిగించాను, తొంగిచూడలేకపోతున్నాను. మీరైనా ఆ ఉయ్యాలలోకి ఒకసారి చూడండి, అందులో ఉన్నది నా బిడ్డేనా?