ఆగిపోయిన ఎత్తు

అత్తగారి దిండుకు గలీబు తొడుగుతుండగా కాలింగ్ బెల్ మోగింది.

దిండు సగంలోనే వదిలేసి కోడలు పరుగెత్తింది.

గుమ్మంలో ఓ నడివయసు మనిషి. భుజాన ప్రయాణపు సంచి, చొక్కా నిండా ముడతలు.

"ఇంటర్నెట్ కోసమేగా? కంప్లయింట్ ఇచ్చిన నాలుగు రోజులకా రావడం?"

అతను ఏదో చెప్పబోయాడు.

"సంజాయిషీలు తర్వాత. ముందు లోపలికి రండి."

అతను చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"కంపెనీ చొక్కా లేదు, మెడలో కార్డు లేదు. మనిషెవరో ఏమిటో చూసుకునేది లేదూ?" అంది అత్తగారు సోఫాలోంచి, అతనికి వినబడేలాగే.

కోడలికి అవేవీ పట్టలేదు. సాయంత్రం ఆరు దాటితే ఆట పోతుంది.

ఆ ఆట ఆమె భర్తది. చదరంగం. ముక్కూ మొహం తెలియని ఒక మనిషితో ఐదేళ్ల పాటు ఈ కంప్యూటర్లో ఆడాడు. ప్రతి ఆదివారం ఒక్క ఎత్తు. తెర మీద భర్త పేరు ఏనుగు, అవతలి మనిషి పేరు బంటు.

ఆట మధ్యలో భర్త పోయాడు.

ఆ సంగతి బంటుకి చెబితే ఆట ముగిసిపోతుంది. ఆయన మొదలుపెట్టినవాటిలో ఇంకా నడుస్తున్నది అదొక్కటే. అందుకే ఆమె చెప్పలేదు. ఆదివారం సాయంత్రం ఆయన కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, చెయ్యి ఎటు పోతే అటు ఎత్తు వేసేది. వెనక ఎవరో వంగి చూస్తున్నట్టు మెడ మీద వెచ్చగా తగిలేది. తిరిగి చూసేది కాదు.

ఎనిమిది నెలలైనా రాజు చెక్కుచెదరలేదు.

పది రోజులు ఎత్తు వెయ్యకపోతే మాత్రం ఓడినట్టే. ఈ సాయంత్రంతో గడువు సరి.

"ఏమైంది దీనికి?" అడిగాడు అతను.

"ఆదివారం దానంతటదే అప్‌డేట్ అయింది. అప్పట్నుంచీ వైఫై గుర్తే కనబడదు. ఇదిగో, అంతా చెరిపేసి మొదట్నుంచీ వెయ్యడం లాంటివి వద్దు. ఒక పేజీ ఇందులోనే తెరుచుకుంటుంది. దాని పాస్‌వర్డ్ నాకు తెలీదు."

"మరి ఎవరికి తెలుసు?"

ఆమె గోడ వైపు చూసింది. భర్త ఫొటో. కింద రెండు తేదీలు.

అతని చూపు రెండో తేదీ దగ్గర ఆగిపోయింది. ఎంతకీ కదల్లేదు.

"ఏం నాయనా, రిపేరు కంప్యూటర్‌కి, గోడకి కాదు" అంది అత్తగారు.

అతను ఉలిక్కిపడి కుర్చీ మీద చెయ్యి వేశాడు.

"ఆ కుర్చీలో వద్దు" అని కోడలు స్టూలు జరిపింది.

అతను కేబుల్‌తో తన ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపాడు. ఆమె వెనకే కాపలా నిలబడింది.

"అప్‌డేట్ వైఫైని నడిపే డ్రైవర్ ప్రోగ్రాంని పాడు చేసింది. మోడెమ్ బాగానే ఉంది. కంప్యూటర్‌కే వైఫై వాసన తెలియడం లేదు. పాత డ్రైవర్ మళ్ళీ వేస్తే చాలు."

"జలుబు చేస్తే నాకూ అంతే. నన్ను మళ్ళీ పాత మనిషిని చేసేవాళ్ళెవరూ లేరు కానీ" అంది అత్తగారు.

పది నిమిషాల్లో వైఫై గుర్తు వచ్చింది. పేజీ దానంతటదే తెరుచుకుంది. గళ్ళు, పావులు. బంటు ఎదురుచూస్తున్నాడు.

అతని చెయ్యి మౌస్ మీంచి లేచింది.

"ఇది... ఎవరు ఆడుతున్నారు?"

"ఆయనే."

అతను స్టూలు మీదే ఆమె వైపు తిరిగాడు.

"నవ్వుకోండి. నాకు ఏ పావు ఎలా నడుస్తుందో తప్ప ఇంకేం తెలీదు. ఆయనే నా చేత ఆడిస్తున్నారు. లేకపోతే ఎనిమిది నెలలు నిలబడతానా?"

అతను నవ్వలేదు. మెల్లగా తల ఊపి, సంచి భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

"సంతకం అక్కర్లేదా?" అని కోడలు కేకేసేసరికి మెట్లు దిగిపోయాడు.

"మంచినీళ్ళయినా ఇవ్వలేదే మనం" అంది అత్తగారు.

"వాళ్ళకి ఇలాంటి ఇళ్ళు రోజుకి పది" అంటూ కోడలు కుర్చీలో కూర్చుంది. కళ్ళు మూసుకుంది. గుర్రాన్ని కదిపింది.

అరగంటకి మళ్ళీ బెల్ మోగింది. కంపెనీ చొక్కా, మెడలో కార్డు.

"ఇంటర్నెట్ కంప్లయింట్ అండీ."

"ఇందాకే మీవాళ్ళు వచ్చి బాగుచేశారుగా?"

"మావాళ్ళా? ఈ ఏరియాకంతా నేనొక్కడినేనండీ."

"దొంగవెధవ! బీరువా చూడవే ముందు!" అత్తగారు సోఫాలోంచి లేచింది.

కోడలు బీరువా వైపు వెళ్ళలేదు. కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తింది. ఆట ఎక్కడిదక్కడే ఉంది. పావుల కింద, ఎన్నాళ్ళుగానో ఖాళీగా ఉన్న మెసేజుల గడిలో మాత్రం బంటు రాసిన మాటలున్నాయి.

"వదినగారూ, గుర్రాన్ని అక్కడ వదిలెయ్యకండి. అన్నయ్య ఎప్పుడూ వదిలేవాడు కాదు. ఆట తేడాగా ఉంటే ఒంట్లో బాగోలేదేమో, ఓడిస్తే దిగులు పడతాడేమో అనుకున్నాను. ఈ ఆదివారం ఎత్తు రాలేదు. ఎప్పుడో ఇచ్చిన అడ్రసు పట్టుకుని, ఒకసారి చూసి పోదామని వచ్చాను."

ఆమె రెండుసార్లు చదివింది. కుర్చీలోంచి లేచింది.

"ఏం పోయిందే? ఎక్కడికే?" అత్తగారు అరుస్తోంది.

ఎనిమిది నెలలుగా తన రాజు జోలికి రాకుండా ఆడుతూ వచ్చిన మనిషి వెళ్ళిన దారిన, చెప్పులైనా వేసుకోకుండా, బదులైనా చెప్పకుండా ఆమె గడప దాటింది.