పందికొక్కు పడేసిన చెట్టు

ఎండిన తుమ్మచెట్టొకటి కుందేలు గుడిసె మీదికి ఒరిగింది.

"ముందు కొమ్మలు నరికి, తీగ కట్టి అవతలికి లాగాలి. నిదానంగా చేయాల్సిన పని" అంది చెట్లు కూల్చడంలో ఆరితేరిన ఏనుగు.

అంత ఓపిక లేక కుందేలు పందికొక్కును పిలిచింది. "ఇదివరకు చెట్లు పడేశావా నాయనా?"

"వేళ్లు కొరకడం నాకు పుట్టుకతో వచ్చింది అత్తా. కొరికితే చెట్టు అదే పడుతుంది."

గుడిసె మీద మట్టి పడకూడదని, పాపం, అది అవతలి వైపు వేళ్లే కొరికింది. అటు పట్టు తప్పిన చెట్టు తిన్నగా వచ్చి గుడిసె మీద పడింది. కుందేలు పిల్లలు మేతకు వెళ్లాయి కాబట్టి బతికిపోయాయి.



పందికొక్కు మీసాలకంటిన మట్టి దులుపుకుంది. "పడుతుందని చెప్పాను కదత్తా. ఎటు పడుతుందో నువ్వు అడగలేదు."