ఒంటరివాళ్లు కావలెను

“నిజం చెప్పు జాకీర్. నువ్వు ఒంటరివాడివి కాదూ?”

కుట్టుమిషన్ తొక్కుతున్న జాకీర్ కాలు ఆపాడు. “ఏందీ పెద్దసార్, పొద్దుపొద్దున గిట్ల అడుగుతున్నరు? ఇంట్ల ఏడుగురం, ఒక్క బాత్రూమ్. ఒంటరిగ ఉండే నసీబ్ మాకెక్కడిది? జెర కూసోండ్రి.”

దేవసహాయం కూర్చున్నాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగగానే ఇంటికి తాళం వేసి బయల్దేరడం ఆయనకు సర్వీసులో ఉన్నప్పటి అలవాటు. ఆయన వచ్చేసరికి జాకీర్ దుకాణం ముందు మెత్త వేసిన కుర్చీ దులిపి ఉంటుంది. హెడ్ క్లర్కుగా రిటైరైనా తన హోదాకు బస్తీలో ఇంకా ఇంత విలువ ఉందని ఆయన మురిసిపోతుంటాడు.

ఇవాళ మురిసిపోయే తీరిక లేదు. కష్టాల్లో, ఒంటరితనంలో ఉన్నవాళ్లను ఆదుకునే చిన్న చిన్న సంఘాలకు గ్రాంటు ఇచ్చే ట్రస్టు నుంచి ఆఫీసరమ్మ వస్తోంది. నిరుడు ఆ గ్రాంటును అక్బర్ బీ నడిపే ఆడవాళ్ల కమిటీ కొట్టేసింది. ఈ ఏడు దాన్ని ఎలాగైనా దక్కించుకోవాలని దేవసహాయం ‘ఏకాకి జన సంక్షేమ సమాఖ్య’ పెట్టి దరఖాస్తు పంపాడు. సమాఖ్యకు లెటర్‌ప్యాడ్ ఉంది, రబ్బరు స్టాంపు ఉంది. అధ్యక్షుడు దేవసహాయం, కార్యదర్శి దేవసహాయం. కోశాధికారి పదవికి మాత్రం నమ్మదగిన మనిషి ఇంకా దొరకలేదు.

ఒంటరివాడు కూడా దొరకలేదు. ఇన్‌స్పెక్షన్ అంటే ఏమిటో రైల్వే మనిషికి ఒకరు చెప్పాలా? గోడకు సున్నం కొట్టించి, ఒక మంచి నమూనా చూపించి, ఆఫీసరును సాగనంపాలి. ఆ నమూనా కోసమే ఈ తిరుగుడంతా.

“కుర్చీ కొత్తదిలా ఉందే?”

“బీ వాళ్ల కమిటీ ఇచ్చింది సార్.”

దిక్కులేని వాళ్ల డబ్బుతో దర్జీ కొట్టుకు మెత్త కుర్చీ. దేవసహాయం ఒళ్లు మండింది. మెత్త మీంచి లేవడానికి మాత్రం కాస్త సమయం పట్టింది.

తరువాతి మజిలీ మేబెల్ ఇల్లు. మేబెల్ పిల్లలకు ట్యూషన్లు చెబుతుంది. వరండాలో క్యారమ్ బోర్డు పరిచి, పౌడరు చల్లి, స్ట్రైకరు చేత్తో పట్టుకుని ఉంది.

“నేనా అంకుల్, ఒంటరిదాన్నా? పొద్దున ట్యూషన్, సాయంత్రం చర్చిలో క్వయర్ ప్రాక్టీసు. ఊపిరి తీసుకోవడానికే ఖాళీ లేదు. ఒక్క బోర్డు ఆడి వెళ్లండి.”

అంత ఖాళీ లేని మనిషి రోజూ ఆయనతో ఎలా ఆడుతుందో దేవసహాయం ఎన్నడూ అడగలేదు. ఆయనే గెలిచాడు. రెడ్ వేసి, దానికి ఫాలోగా వేయాల్సిన కాయిన్ ఎదురుగా ఉన్నా వదిలేసింది పిచ్చిపిల్ల. ఇంత ఆట రాని వాళ్ల షోకేసులో క్యారమ్స్ కప్పు ఒకటి మెరుస్తోంది. ఏ చుట్టానిదో పాపం.

“బోర్డు ఎవరిచ్చారు?”

“కమిటీ వాళ్లే అంకుల్. ఇంతకీ ఏం వండుకున్నారు?”

ఆ ప్రశ్న ఆయనకు నచ్చదు. భార్య హదస్సా, ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాక ఆ ఇంట్లో వంటగది గురించి మాట్లాడుకోవడం ఆగిపోయింది. అసలు మాటే ఆగిపోయింది. చాలాకాలం ఆయన తలుపే తీయలేదు. ఎవరూ తట్టలేదని ఆయన ఫిర్యాదు. తడితే తీసేవాడా అంటే అది వేరే సంగతి. ఈ మధ్యనే జనానికి తన విలువ తెలిసొచ్చిందని ఆయన నమ్మకం.

“ఆఫీసరమ్మ వచ్చే వేళైంది,” అని చెప్పులు వేసుకున్నాడు.

అప్పటికే అక్బర్ బీ గుమ్మంలో ట్రస్టు ఆఫీసరు సృజన కూర్చుని ఉంది. బీ ఆయన్ని చూసి, అడగకుండానే కొత్త ఫ్లాస్కులోంచి చక్కెర లేని అల్లం చాయ్ పోసి, బిస్కెట్ల ప్లేటు దగ్గరికి జరిపింది.

“ఎక్కువసేపు ఉండను బీ గారూ,” అంటోంది సృజన. “మీ కమిటీ ఒంటరితనం నుంచి బయటికి తెచ్చిందని మీరు రాసిన మనిషిని ఒక్కసారి చూసి వెళ్తాను.”

“మంచిగున్నడు మేడం. కానీ ఆయన్ని పిలిచి చూపిచ్చుడు నాతోని కాదు. మనసుకు తక్లీఫ్ అయితది.”

“చూడకపోతే ఈసారి గ్రాంటు ఇవ్వలేం.”

“ఇయ్యకున్రి మేడం. చాయ్ మా పైసలతోనే కాస్తం.”

దేవసహాయానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. బిస్కెట్ నములుతూనే లేచాడు.

“ఉంటేగా మేడం చూపించడానికి. మీ డబ్బుతో దర్జీకి కుర్చీ కొన్నారు, టీచరమ్మకు క్యారమ్ బోర్డు కొన్నారు, ఈవిడ ఫ్లాస్కు కొనుక్కుంది. రోజూ ఇల్లిల్లూ తిరిగేవాణ్ని, నాకు తెలియదా? ఈ బస్తీలో ఒంటరివాడు ఒక్కడంటే ఒక్కడు లేడు.”

ఆ దెబ్బతో తన దరఖాస్తు కూడా గంగలో కలిసిందని ఆయనకు తట్టలేదు.

అక్బర్ బీ ఆయన కప్పు ఇంకా ఖాళీ కాకుండానే మళ్లీ చాయ్ పోసింది.

“మీరెవరు సార్?” అని అడిగింది సృజన.

దేవసహాయం చొక్కా సర్దుకున్నాడు. “దేవసహాయం. రిటైర్డ్ హెడ్ క్లర్క్. ఏకాకి జన సంక్షేమ సమాఖ్య అధ్యక్షుణ్ని.”

సృజన బీ వైపు చూసింది. బీ తల దించుకుంది. సృజన మెల్లగా కుర్చీలోంచి లేచి, ఆయనకు చేతులు జోడించింది.

“మిమ్మల్ని చూడటానికే వచ్చాను సార్.”